సుద్దముక్కతో రాసిన అ

ఆ షెడ్డులో అందరూ ఆయన్ని రవ్వల మామ అని పిలవడం విని, కొత్తగా చేరినవాళ్ళు ఒకప్పుడు వజ్రాల వ్యాపారం చేసి చితికిపోయిన మనిషేమో అనుకునేవారు. నిజానికి ఆయన ఒంటి మీద రవ్వంత బంగారం కూడా ఉండేది కాదు. ఆయన రవ్వలు వేరు. తిరిగే గ్రైండరు రాయికి లోహపు ముక్క ఆనించగానే ఎగిరే నిప్పురవ్వలవి. వాటి రంగూ పొడవూ చూసి అదేం లోహమో చెప్పేసేవాడు. మెత్తటి ఉక్కయితే రవ్వలు పసుప్పచ్చగా, తీగల్లా బారెడు దూరం సాగుతాయి. గట్టి ఉక్కయితే చివర్లో పువ్వుల్లా చిట్లుతాయి. పోత ఇనుము రవ్వలు ఎర్రగా, పొట్టిగా, రాయి దగ్గరే చచ్చిపోతాయి. ఇత్తడి, అల్యూమినియం అసలు రవ్వే వెయ్యవు. ముప్ఫై ఏళ్ళు ఆ వెలుగుల్ని చూసిన కళ్ళు ఆయనవి.

షెడ్డులో పనిగదులు రెండున్నాయి. మొదటి గదిలో బల్లకు బిగించిన గ్రైండరు ఉక్కుకూ ఇనుముకూ. రెండో గదిలో గరుకు పట్టీ తిరిగే బెల్టు మిషను అల్యూమినియానికి. చుట్టుపక్కల కార్ఖానాల నుంచి పోతపోసిన ముక్కలు చెక్కపెట్టెల్లో వస్తాయి. వాటి అంచుల్లో మిగిలిన ముళ్ళూ పొక్కులూ అరగదీసి, నున్నగా చేసి తిప్పి పంపడం ఇక్కడి పని. ఒక గది సరుకు పొరపాటున కూడా ఇంకో గదిలోకి పోకూడదన్నది మామ పెట్టిన కట్టడి. మెత్తటి అల్యూమినియాన్ని రాయి మీద పెడితే అది రాయి కంతల్లో కూరుకుపోతుంది, రాయికి ఊపిరాడక వేడెక్కుతుంది, వేడెక్కిన రాయి పగిలే ముందు ఎవరికీ కబురు పెట్టదు అని చెప్పేవాడు. అల్యూమినియం దుమ్ము పేరుకున్న చోట ఉక్కు రవ్వ పడితే ఏమవుతుందో మాత్రం చెప్పేవాడు కాదు. "తెలుసుకోవాలని ముచ్చట పడకు" అని ఊరుకునేవాడు.

కొత్త రాయి బిగించే ముందు చెక్కపిడితో తట్టి, అది గంటలా మోగితేనే ఒప్పుకునేవాడు. మిషను వేసిన మొదటి నిమిషం ఎవర్నీ రాయికి ఎదురుగా నిలబడనిచ్చేవాడు కాదు. గ్లౌజులు వేసుకుని రాయి దగ్గరికొస్తే తిట్లు తినాల్సిందే. రాయి గ్లౌజును లాగుతుంది, గ్లౌజు వేలిని లాగుతుంది, వేలు మనిషిని లాగుతుంది అనేవాడు. ముక్కను ఆనించే చిన్న బల్లకూ రాయికీ మధ్య సందు మూడు మిల్లీమీటర్లు దాటకూడదని ఆయన చెబితే, పక్కగదిలో బెల్టు మిషను నడిపే బావమరిది, "అంటే మా అక్క మాటకీ మాటకీ మధ్య ఇచ్చేంత సందన్నమాట" అని నవ్వించేవాడు.

ఆ బావమరిది అంటే మామకు ప్రాణం. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పదమూడేళ్ళప్పుడు తల్లీ తండ్రీ పోతే అక్క ఇంటికి వచ్చి చేరాడు. ఇప్పుడు ముప్ఫై ఆరేళ్ళ మనిషి, వీధి చివర వేరే గదిలో ఉంటున్నాడు గానీ రెండు పూటలా అన్నం అక్క చేతిదే. పని నేర్పింది బావే. బావ చెప్పినదాన్ని మళ్ళీ సరిచూసుకోవాలని అతనికి ఏనాడూ తట్టలేదు.

పది నెలల కిందట మామ ఒకరోజు తలుపుకు భుజం కొట్టుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ కొట్టుకున్నాడు. తర్వాత రోడ్డు దాటుతుంటే ఎడమవైపు నుంచి సైకిలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా వచ్చి మీద పడింది. అప్పుడు ఎవరికీ చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ గంటసేపు పరీక్ష చేసి, నీటికాసులని చెప్పింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి, పక్కచూపు రెండు కళ్ళలోనూ సగానికి పైగా పోయిందని, పోయింది ఇక తిరిగి రాదని, చుక్కల మందు పొద్దునా సాయంత్రం తప్పకుండా వేసుకుంటే మిగిలింది నిలబడొచ్చని చెప్పింది. ఏం పని చేస్తారని అడిగింది. కొట్లో కూర్చుంటానని అబద్ధం చెప్పాడు.

ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది. గొట్టంలోంచి చూసినట్టు మధ్యన మాత్రం వెలుతురు, చుట్టూ ఏమీ లేదు. చీకటి కూడా కాదు, ఉత్త ఏమీ లేకపోవడం. ఎండలోంచి షెడ్డులోకి అడుగుపెడితే ఆ మధ్యనున్నది కూడా కాసేపు పోయేది. గుమ్మం దగ్గర నిలబడి, చెప్పులో రాయి ఇరుక్కున్నట్టు వంగి, చూపు వచ్చేదాకా ఆగేవాడు. రాయి దగ్గరి సందును వేలి కొసతో తడిమి చూసుకునేవాడు. మందుసీసా టిఫిన్ డబ్బా అడుగున దాచేవాడు. చుక్క వేసుకోబోతే సగం సార్లు అది కంట్లో కాకుండా చెంప మీద పడేది.

ఎవరికైనా చెప్పొచ్చు కదా అంటే, చెప్పడానికి ఆయనకు ముఖం లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఆయనకు పని నేర్పిన మేస్త్రికి చేతులు వణకడం మొదలైంది. అప్పుడు ఈ మామే యజమాని గదిలోకి వెళ్ళి, వణికే చేతులతో రాయి ముందు నిలబడనివ్వకూడదు అని చెప్పొచ్చాడు. ఆ వారమే మేస్త్రిని ఇంటికి పంపేశారు. మేస్త్రి గేటు దగ్గర ఆగి, "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాల్రా నేను?" అని మాత్రం అడిగాడు. ఏడాదిన్నరకే మేస్త్రి పోయాడు. తను చేసింది న్యాయమేనని మామకు తెలుసు. ఆ న్యాయం తన ఇంటి తలుపు తట్టేసరికి మాత్రం తియ్యలేకపోయాడు. ఈ నెల ఒక్కటీ గడవనీ అనుకున్నాడు. అలా పది నెలలు అనుకున్నాడు.

వచ్చిన పెట్టెల్ని వేరుచేసే బాధ్యత ఆయనదే. తెల్లగా ఉండే లోహాల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. ఎందుకంటే అల్యూమినియంలాగే మెగ్నీషియం కూడా తెల్లగానే ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెడితే కవలపిల్లల్లా ఉంటాయి. కానీ మెగ్నీషియం దుమ్ము అంటుకుందంటే ఆర్పడం మనిషి తరం కాదు. నీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. అందుకని ఆ సరుకు ఈ షెడ్డులో ముట్టుకునేవారే కాదు, వస్తే తిప్పి పంపేవారు. కనిపెట్టడానికి మామ దగ్గర తేలిక పద్ధతి ఒకటుంది. ప్రతి తెల్ల ముక్కనూ ఒకచోట గీకి, గీకిన చోట ఒక వెనిగర్ చుక్క వేసేవాడు. మెగ్నీషియమైతే బుసబుసమని బుడగలొస్తాయి. అల్యూమినియమైతే చుక్క చుక్కలాగే కూర్చుంటుంది. అన్నీ చూశాక పెట్టె మూత మీద సుద్దముక్కతో పెద్ద అ రాసేవాడు. ఆ అక్షరం లేని పెట్టెను బెల్టు మిషను గదిలో ఎవరూ ముట్టుకోకూడదు.

చూపు తగ్గాక ఆ చుక్క కూడా గీకిన చోట పడడం మానేసింది. ఒకసారి ప్యాకింగ్ పెద్దాయన చూస్తుండగా మూడుసార్లు బల్ల మీద పోశాడు. "మామా, మజ్జిగ చిలుకుతున్నావా?" అని పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వులో ఏమీ లేదు. మామకు మాత్రం నిలువెల్లా చెమట పట్టింది. ఆ రోజు నుంచి ఎవరైనా దగ్గర్లో ఉంటే చుక్క వెయ్యడం మానేశాడు. ముక్కను చేతిలో పట్టి బరువు చూసేవాడు. మెగ్నీషియం తేలిక. ముప్ఫై ఏళ్ళ చెయ్యి మోసం చెయ్యదులే అని నచ్చజెప్పుకునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు పెట్టెలు వచ్చాయి. రెండిట్లోనూ ఒకేలాంటి గేరుపెట్టె మూతలు. సాయంత్రానికల్లా కావాలని తెచ్చినవాళ్ళు తొందర పెట్టారు. సూపర్‌వైజరు కూడా వచ్చి చూసి వెళ్ళింది. ఆవిడ కూడా ఒకప్పుడు మామ చేతికింద పని నేర్చుకున్నదే. మామ మొదటి పెట్టెలోంచి రెండు మూతలు తీసి తూచి, పెట్టేశాడు. రెండో పెట్టెలోంచి ఒకటి తీశాడు. తేలిగ్గా అనిపించింది. పలచగా పోశారేమో అనుకున్నాడు. ప్యాకింగ్ పెద్దాయన పక్కనే అటు తిరిగి పెట్టెలు కడుతున్నాడు, ఏ క్షణమైనా ఇటు తిరగొచ్చు. వెనిగర్ సీసా అరలోనే ఉంది. మామ చెయ్యి దాని వరకూ వెళ్ళి ఆగింది. రెండో పెట్టె ఎడమ పక్కన, అల్యూమినియం కాదన్న గుర్తుగా పంపినవాళ్ళు వేసిన ఎర్రరంగు పూత అరచెయ్యంత ఉంది. ఎదురుగా ఉన్న పెట్టె మూత వైపే చూస్తున్న ఆయనకు అది కనపడలేదు. సుద్దముక్క తీసి రెండిటి మీదా అ రాశాడు.

బావమరిది మొదటి పెట్టె పూర్తి చేసి, మూత మీది అ ఒక్కటే చూసి రెండోది తెరిచాడు. మామ ఇవతలి గదిలో గ్రైండరు మీద ఒక ఉక్కు కమ్మీ అరగదీస్తున్నాడు. ఏడో గేరుమూత అంచులో, పోతపొక్కు కింద ఒక ఉక్కు మేకు దాగి ఉంది. బెల్టు పొక్కును తినేసి దాన్ని తాకింది. రవ్వలు లేచాయి. ఆ రవ్వలు దుమ్ము లాగే గొట్టంలోకి వెళ్ళి, కింద తొట్టెలో పేరుకున్న తెల్లటి పొడి మీద పడ్డాయి.

తలుపు సందులోంచి వచ్చిన వెలుగు చూసి మామకు క్షణంలో తెలిసిపోయింది. ఆ తెలుపు అల్యూమినియం ముక్కలున్న గదిలో పుట్టే తెలుపు కాదు. సూర్యుణ్ణి ముక్కగా కోసి నేల మీద పెట్టినట్టుంది. చేతిలోని కమ్మీ పడేసి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. బావమరిది బెల్టు ఆపేశాడు, అంతవరకూ సరిగ్గానే చేశాడు. తొట్టె పైన వేలాడుతున్న దుమ్ముసంచి అంటుకుంటే గది మొత్తం పోతుందని, వంగి తొట్టెను ఎడమచేత్తో బయటికి లాగబోతున్నాడు. అప్పుడే అవతలి గుమ్మంలోంచి ప్యాకింగ్ పెద్దాయన నేల తుడిచే బకెట్టు ఎత్తుకుని వస్తున్నాడు.

"నీళ్ళొద్దు! నీళ్ళు పొయ్యకు!" అని మామ అరిచాడు. ఆపకుండా వదిలేసిన గ్రైండరు వెనకాల గోల పెడుతోంది. ఆ మోతలో ఆయన గొంతు ఆయనకే వినపడలేదు.

పెద్దాయన మంచి చేస్తున్నాననే అనుకుని బకెట్టు బోర్లించాడు. నీళ్ళు తగలగానే తొట్టెలోంచి మంట కప్పుదాకా లేచింది. ముఖానికి షీల్డు ఉండబట్టి బావమరిది కళ్ళు మిగిలాయి. ఎడమచెయ్యి మోచేతి దాకా ఆ తెలుపులో ఉండిపోయింది.

తలుపు పక్కనే మూత పెట్టిన ఇసుక బకెట్టు ఉంది, తడి తగలకుండా మామే పెట్టించాడు. దాన్ని అందుకుని పరుగెత్తాడు. ఆ వెలుగుకు మిగిలిన మధ్యచూపు కూడా పోయింది. ఎడమవైపు ఖాళీ పెట్టె ఉంది. కాలు దానికి తగిలి బోర్లా పడ్డాడు. ఇసుక నేలపాలయింది. మోకాళ్ళ మీద పాకుతూ దోసిళ్ళతో ఎత్తి మంట ఉందనుకున్న వైపు విసిరాడు. సగం గోడకు తగిలింది. ఎక్కడో బావమరిది అరుపు. అది మాట కాదు, పిలుపు కాదు. ఎటు నుంచి వస్తోందో తెలియక తల అటూ ఇటూ తిప్పాడు. ఇంతలో సూపర్‌వైజరు మొదటి గదిలోని రెండో ఇసుక బకెట్టు తెచ్చి తొట్టె మీద నెమ్మదిగా, మూత వేసినట్టు పోసింది. ఎవరో బావమరిదిని చంకల కింద పట్టి బయటికి లాగారు.

ఎవరో గ్రైండరు ఆపేసరికి గది నిశ్శబ్దమైంది. ఇసుక కింద ఏదో ఇంకా కుతకుతమంటోంది. అందరూ బయట బావమరిది చుట్టూ ఉన్నారు. మామ ఒక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడు. మెల్లగా చూపు తిరిగి వచ్చింది. ఆ చూపు గొట్టం చివర మొదట కనిపించింది రెండో పెట్టె మూత. దాని మీద తన చేతిరాత, పెద్ద అ.

చెయ్యి తనంతట తనే వెళ్ళిందని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. కానీ చెయ్యి తనంతట తాను వెళ్ళదు. అరచేత్తో రుద్దాడు. మొదటిసారి సగమే పోయింది. మళ్ళీ రుద్దాడు.

మర్నాడు ఆసుపత్రి మంచం మీద బావమరిది చెయ్యి మోచేతి దాకా కట్లలో ఉంది. కాలిన చర్మం తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతకాలన్నారు. చిటికెన వేలూ ఉంగరం వేలూ పని చేస్తాయని మాట ఇవ్వలేమన్నారు. భార్య తమ్ముడి తలగడ దగ్గర నిలబడి, అతని నుదుటి మీద జుట్టు పైకి తోస్తూనే ఉంది. అక్కడ జుట్టే లేదు, కమిలిపోయింది. అయినా ఆమె చెయ్యి ఆగలేదు.

సూపర్‌వైజరు కాగితం తీసుకుని వచ్చింది. రెండో పెట్టె సరుకంతా మెగ్నీషియమని, పంపినవాళ్ళు పక్కన ఎర్రపూత కూడా వేశారని చెప్పింది. పెట్టె మీద అ లేదని, గుర్తు లేని పెట్టెను ఎందుకు తెరిచావని అడిగింది. అతను అ ఉన్నట్టే జ్ఞాపకం అన్నాడు. ఆవిడ మామ వైపు తిరిగి, ఆ పెట్టెకు గుర్తు పెట్టారా అని అడిగింది.

"లేదు" అన్నాడు మామ. "దాన్ని ఇంకా చూడలేదు."

బావమరిది కళ్ళు బావ మీదికి వచ్చాయి. ఆ కళ్ళలో కోపం ఉంటే బాగుండేది.

"అయితే నేనే ఏదో పొరబడ్డా బావా. మొదటి పెట్టె మీదున్నది చూసి రెండోదాని మీద కూడా ఉందనుకున్నానేమో. నువ్వు చూసిచ్చిందయితే ఇలా అవ్వదుగా."

సూపర్‌వైజరు ఆ మాట రాసుకుంది. వెళ్తూ వెళ్తూ వసారాలో మామను ఆపి, యజమాని చాలా కోపంగా ఉన్నాడని, గుర్తు లేని పెట్టె తెరిచినవాణ్ణి మళ్ళీ పనిలోకి రానివ్వనంటున్నాడని, తన చేతుల్లో ఏమీ లేదని బాధగా చెప్పింది. మామ తల ఊపాడు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు. కింద కుళాయి దగ్గర చెయ్యి కడుక్కున్నాడు. సుద్దపొడి నిన్ననే పోయింది. అయినా గోళ్ళ సందుల్లో ఉన్నట్టే ఉంది.

రెండు రోజులు అన్నం సహించలేదు. ఆసుపత్రికి వెళ్ళేవాడు, మంచం పక్కన కూర్చునేవాడు. బావమరిది పదే పదే ఆ మధ్యాహ్నాన్నే తవ్వుకునేవాడు. పెట్టె ఎక్కడుంది, మూత ఎటువైపు తిరిగి ఉంది, తను ఏం చూశాడు. "నా బుర్ర ఇంత మొద్దుబారిపోయిందేంటి బావా?" అని అడిగేవాడు. చెయ్యి కాలిన మనిషికి ఇప్పుడు తన కళ్ళ మీదా తన మతి మీదా కూడా నమ్మకం పోతోంది. అది చూస్తూ కూర్చోవడం మామ వల్ల కాలేదు. లేచి బయటికి వెళ్ళేవాడు, వసారా చివరిదాకా నడిచి తిరిగి వచ్చేవాడు. నోరు తెరిచి, నీళ్ళు కావాలా అని అడిగి, మళ్ళీ మూసుకునేవాడు.

మూడో రోజు పొద్దున కట్లు మార్చడానికి నర్సు అందర్నీ బయటికి పంపింది. తలుపు వెనకాల నుంచి బావమరిది మూలుగు వస్తోంది. భార్య చెవులు మూసుకుని బెంచీ మీద కూర్చుంది. మామ ఆమె పక్కన కూర్చున్నాడు.

"పెట్టె మీద అ ఉంది" అన్నాడు. "నేనే రాశాను. తర్వాత నేనే చెరిపేశాను."

ఆమె చెవుల మీది చేతులు కిందికి దించింది. ఆయన అంతా చెప్పాడు. తలుపు, సైకిలు, కంటి డాక్టరు, డబ్బా అడుగున మందుసీసా, బల్ల మీద పడ్డ వెనిగర్ చుక్కలు, రెండుసార్లు రుద్దిన అరచెయ్యి. మధ్యలో ఆమె ఒక్క మాట అనలేదు. మాటకీ మాటకీ సందివ్వని మనిషి అలా కూర్చుంటే ఆయనకు భయమేసింది.

చివరికి ఆమె అడిగింది, "నేను రోజూ ఆ డబ్బా కడుగుతున్నాను కదా. మందు ఎక్కడ పెట్టేవారు?"

"కడగడానికి ఇచ్చేముందు తీసేసేవాణ్ణి."

"పది నెలలు" అంది ఆమె. "పది నెలలు రోజూ తీసేసేవారా?" ఆయన వైపు తిరిగి, "మీకు కనపడకపోవడం వల్ల వాడి చెయ్యి కాలలేదు. మీరు చెప్పకపోవడం వల్ల కాలింది" అంది. లేచి వసారా అవతలి బెంచీ మీదికి వెళ్ళి కూర్చుంది.

మామ అక్కడి నుంచి నడుచుకుంటూ షెడ్డుకు వెళ్ళాడు. దారి పొడవునా ఎడమచేత్తో గోడల్ని తాకుతూ నడిచాడు. దాచడానికి ఇంకేమీ లేదు కదా. సూపర్‌వైజరు తన చిన్న గదిలో ఉంది. ఆయన నిలబడే చెప్పాడు. ఆవిడ కలం కింద పెట్టేసింది. తిడుతుందని చూశాడు. ఆవిడ తిట్టలేదు. ఆయనకు తట్టని ప్రశ్న వేసింది.

"ఎప్పట్నుంచి మామా, చుక్క వెయ్యడం మానేసింది?"

"నాలుగు నెలలైంది. ఎవరూ లేకపోతే వేసేవాణ్ణి."

"అంటే నాలుగు నెలలుగా మీరు అ రాసిన పెట్టెలన్నీ..." ఆవిడ మాట పూర్తి చెయ్యకుండానే లేచి, షెడ్డులో పనంతా ఆపించింది. నిల్వగదిలో ఇంకా పని కాని పెట్టెలు పద్నాలుగు ఉన్నాయి. అన్నిటి మీదా మామ చేతి అ ఉంది. ప్యాకింగ్ పెద్దాయనా ఆవిడా కలిసి ఒక్కొక్క ముక్కా గీకి చుక్క వేస్తూ వెళ్ళారు. మామను కూర్చోమన్నారు, ఆయన కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు. పదకొండు పెట్టెలు నిశ్శబ్దంగా గడిచాయి. పన్నెండో పెట్టెలో సన్నగా బుసబుసమని చప్పుడైంది. బుడగలు ఆయనకు కనపడలేదు. వినపడ్డాయి. ఆ పెట్టెలో అలాంటివి మూడు ముక్కలు. పెద్దాయన వాటిని వేలికొసలతో పట్టుకుని, పసిపిల్ల మీంచి పురుగును తీసినట్టు దూరంగా జరిపి పెట్టాడు. మామ వైపు చూడలేదు.

ఆ సాయంత్రం యజమాని ముందు మామ అన్నీ మళ్ళీ చెప్పి, రాసిన కాగితం మీద సంతకం చేశాడు. గీత మీద పడాల్సిన సంతకం కిందికి జారింది. ఆయన్ని ఆ రోజు నుంచే రావద్దన్నారు. బావమరిది తప్పేమీ లేదని కాగితం మార్చి రాశారు. చెయ్యి నయమయ్యాక పనిలోకి తీసుకుంటామన్నారు. చుక్క పరీక్ష ఇకనుంచి ఇద్దరు కలిసి చెయ్యాలని, ఇద్దరూ మూత మీద రాయాలని, ఏడాదికోసారి అందరి కళ్ళూ చూపించాలని కొత్త కట్టడి పెట్టారు. తలకు తగిలించుకునే షీల్డునూ చెవులకు పెట్టుకునే మూతల్నీ బల్ల మీద పెట్టి మామ బయటికి వచ్చాడు. గేటు దాటాక ఎటు వెళ్ళాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు, ఆసుపత్రికి వెళ్ళడానికి అసలే రాలేదు.

బావమరిదికి ఆ సంగతి అక్క చెప్పింది. విని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడట. ఆ తర్వాత మామ వెళ్ళినప్పుడల్లా అలాగే తిరిగి పడుకునేవాడు. చర్మం అతికారు. ఒకచోట అతుక్కోలేదు, మళ్ళీ అతికారు. నెలన్నర తర్వాత ఇంటికి, అంటే అక్క ఇంటికి తెచ్చారు. భార్య భర్తతో అవసరమైన మాట మాత్రం మాట్లాడేది. పొద్దునా సాయంత్రం మాత్రం వచ్చి, ఆయన తల వెనక్కి వంచి, రెప్ప ఎత్తి పట్టుకుని, మందు చుక్క సరిగ్గా కంట్లో వేసి వెళ్ళిపోయేది. ఆ వేళ్ళలో ప్రేమ ఉందో కోపం ఉందో ఆయనకు అంతు చిక్కలేదు. ఒక్క చుక్క కూడా చెంప మీద పడలేదు.

అతికిన చర్మం ఎండేకొద్దీ బిగుసుకుంటుందని, వేళ్ళు వంకరపోకుండా ఉండాలంటే రోజుకు మూడుసార్లు నూనె రాసి, ఒక్కో వేలినీ వంచి చాచాలని, నొప్పికి భయపడి ఆపొద్దని ఆసుపత్రిలో చెప్పారు. మొదట అక్క చేసింది. తమ్ముడు పళ్ళు బిగపట్టగానే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగేవి, చేతులు ఆగిపోయేవి. వారానికే వేళ్ళు మరింత బిగిశాయి. ఎనిమిదో రోజు ఆమె నూనెగిన్నె తెచ్చి, ఏమీ చెప్పకుండా భర్త ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

మామ మంచం పక్కన కూర్చున్నాడు. బావమరిది గోడవైపే చూస్తూ పడుకుని ఉన్నాడు. చెయ్యి మాత్రం ఇవతల దుప్పటి మీద ఉంది. మామ దాన్ని అందుకున్నాడు. ఆ చర్మం ఎర్రగా, మెరుస్తూ, గడ్డలు గడ్డలుగా ఉంది. చూపు అక్కర్లేని పని. వేళ్ళతోనే ఎక్కడ బిగిసిందో, ఎక్కడ ఇంకా లొంగుతుందో తెలుస్తోంది. నూనె రాసి మొదటి వేలు వంచాడు, లెక్కపెట్టి చాచాడు. అలా పదిహేను రోజులు, రోజుకు మూడుసార్లు, ఒక్క మాట లేకుండా గడిచాయి.

ఒక మధ్యాహ్నం ఉంగరం వేలు వంచుతుంటే అతని ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. మామ ఆగిపోయాడు. చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. క్షమించమని అడగాలని ఎన్ని రోజులుగానో నోటిదాకా వస్తోంది. అడిగితే అతనేదో ఒకటి చెప్పాల్సొస్తుందని అడగలేదు.

"ఎందుకాపావు?" అన్నాడు బావమరిది, గోడవైపు తిరిగే.

"నొప్పెడుతోందేమోనని."

"పెడుతోంది. ఎందుకాపావని అడిగా."

మామ మళ్ళీ వేలు పట్టుకున్నాడు. ఆ రోజు ఇద్దరూ ఇంకేం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు అంతే. చిటికెన వేలు ఎప్పటికీ వంగలేదు. ఉంగరం వేలు మాత్రం ఆ ఏడు చివరికి సగం దాకా వంగింది.